నేలమాళిగ గోడలు, కప్పులు



"ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు" అని మన పెద్దలు చెప్పుచుందురు. ఈ రెండింటిలో పెండ్లి కొన్ని దినములతో ముగియును. ఇల్లు మాత్రము కట్టినవాని జీవితకాలమంతయు, వాని కుమారుల జీవితకాలమంతయు పని చెప్పుచునే యుండును. ఆ పనులలో జనులు తొందరపడి చేసి, తరువాత తీరికగా విచారించు పని యొకటి కలదు. అది భూమిలోనికి దిగియున్న గదుల గోడలకును కప్పులకును పూత పూయించి, వానిని నివాసయోగ్యములుగా చేసికొనుట. నేటి ప్రసంగమునకు అదియే విషయము.

మన పాత నల్లగొండ, పాత మహబూబునగరు జిల్లాలు 2016వ సంవత్సరమున పెక్కు జిల్లాలుగా విభజింపబడినవి. సరిహద్దులు మారినవి గాని నేలయొక్క స్వభావము మారలేదు. పైని ఎర్రచెల్క, దాని క్రింద మొరము, ఆ క్రింద గట్టి రాతిబండ. ఇట్టి నేలలో ఎంత త్రవ్వినను వానకాలమున దప్ప చెమ్మ ఊరని తావులు చాల కలవు. కావుననే మన పూర్వులు జొన్నపాతరలను త్రవ్వి ధాన్యమును భూమిలో దాచిరి. పాత గడీలలోను, పెద్ద లోగిళ్లలోను ధాన్యమునకును, విలువగల వస్తువులకును క్రింది గదులను కట్టిరి. దేవరకొండ, భువనగిరి, కోయిలకొండ మొదలగు గుట్టల పాదమున ఇండ్లు కట్టుకొన్నవారికి ముందువైపు నేలమీదనున్నను, వెనుక గోడ మాత్రము గుట్టమట్టిని ఆనుకొని యుండుట కలదు. అట్టి గోడయు నేలమాళిగ గోడయే. ఇక నేటి పట్టణములలో మేడల క్రింద కట్టుచున్న సెల్లారుల సంగతి మీకు తెలిసినదే.

ఈ గదుల మీద జనులకు మక్కువ పెరుగుటకు కారణము లేకపోలేదు. వైశాఖ జ్యేష్ఠములలో మన ప్రాంతమున ఎండ 44, 45 డిగ్రీలకు ఎక్కును. పది పన్నెండడుగుల లోతున నేల వేడిమి ఏడాది పొడవున పెద్దగా మారక, ఆ తావు యొక్క సంవత్సరపు సగటు వేడిమికి దగ్గరగా నిలిచియుండును. కావున మిట్టమధ్యాహ్నము నేలమాళిగలోనికి దిగినవానికి చెట్టునీడకు చేరినట్లుండును. అన్నదమ్ములు వేరుపడినప్పుడు ఒక గది కావలెను. పిల్లవానికి చదువుకొనుటకు ఒక గది కావలెను. ఖాళీగా పడియున్న క్రింది గది కంటికి కనబడును. మేస్త్రీని పిలిచి, "నాలుగు బస్తాల సిమెంటు తెచ్చి పూసివేయుము" అందురు. చిక్కంతయు ఇచ్చటనే మొదలగుచున్నది.

ఈ విషయమున నేను చెప్పదలచిన ముఖ్యమైన మాట యొక్కటే. పూత కడపటి పని. మొదట నీటి సంగతి, తరువాత గాలి సంగతి, ఆ తరువాత కప్పు మీది బరువు సంగతి చూచుకొని, ఆ మూడును చక్కబడిన పిమ్మటనే తాపీ చేతబట్టవలెను. ఈ క్రమము తప్పినయెడల పూత పూసినట్లుండదు, లోపలనున్న రోగమును కప్పినట్లుండును. జ్వరము ఒంటిలో నుండగా పైని గంధము పూసినచో రోగి చల్లబడునా?

మొదట నీటిని గూర్చి విన్నవింతును. గోడకు చెమ్మ మూడు దారులలో వచ్చును. వాననీరు గోడ మొదట నిలిచి ప్రక్కనుండి లోనికి ఊరును. నేలలోని తేమ దీపపు వత్తిలో నూనె ఎక్కినట్లు గోడలో పైకెక్కును. ఇక మూడవది, గాలిలోని ఆవిరి చల్లని గోడను తాకి చెమటవలె పట్టును. ఈ మూడింటికి చికిత్స వేరువేరు. కావున ఏది ఎక్కడిదో తెలిసికొనుట ప్రథమ కర్తవ్యము.

దానికొక సులభమైన పరీక్ష కలదు. మూరెడు పొడవు, మూరెడు వెడల్పు గల పలుచని ప్లాస్టిక్ కాగితమును గోడకు వేసి, నాలుగంచులను గాలి చొరకుండ అంటించి రెండు దినములుంచుడు. గదివైపున, అనగా కాగితము మీద, నీటిబిందువులు కనబడినచో ఆ చెమ్మ గాలిలోనిది. కాగితము వెనుక గోడవైపున తడి పట్టినచో ఆ చెమ్మ గోడలోనుండి వచ్చుచున్నది. రెండు వైపుల పట్టినచో రెండును గలవు. ఈ పరీక్షను వానకాలమున చేయవలెను. వేసవిలో చేసి "మా గోడ పొడిగా నున్నది" అనుట, కడుపునిండిన వేళ ఆకలి లేదనుట వంటిది.

నీటి లెక్క కూడ కొంచెము చూడుడు. ముప్పదడుగుల పొడవు, ఇరువదడుగుల వెడల్పు గల మిద్దె మీద పది సెంటీమీటర్ల వాన కురిసినచో ఆ కప్పు మీదనుండి దిగు నీరు సుమారు 5,500 లీటర్లు. మన ప్రాంతమున వాన తక్కువ యనుట నిజమే. కాని ఆ తక్కువ వానయు ఒక్కొక్కప్పుడు రెండుమూడు దినములలోనే కుంభవృష్టిగా పడును. తూములనుండి దుమికిన ఆ నీరంతయు గోడ మొదటనే పడి నిలిచినచో, క్రింది గోడ త్రాగక ఏమి చేయును? కావున తూము నోటికి గొట్టము తగిలించి నీటిని దూరముగా విడువవలెను. గోడనుండి పదడుగుల దూరమునకు ఆరంగుళముల వాలు వచ్చునట్లు మొరము పోసి దిమ్మిస చేయవలెను. గుట్టను ఆనుకొనియున్న ఇంటికి వెనుకవైపున, గోడ పునాదికంటె లోతుకాకుండ ఒక కందకము త్రవ్వి, దానిని గులకరాళ్లతో నింపి, ప్రక్కకు వాలునిచ్చినచో గుట్టనుండి దిగు నీరు గోడను ముట్టక ఆ దారినే పోవును. పునాదికంటె లోతుగా త్రవ్వినచో గోడయే జారును; కావున ఆ పని తెలిసినవారిని అడిగి చేయవలెను.

నేను ఉపాధ్యాయుడుగా నుండిన యొక గ్రామమున ఒక రైతు తన క్రింది గదికి మూడేండ్లలో మూడుమారులు సిమెంటు పూత పూయించెను. ప్రతి యేడును ఒకే మూలన పూత ఉబ్బి రాలుచుండెను. వాస్తుదోషమని ఒకరు, నేల మంచిది కాదని ఒకరు చెప్పిరి. తుదకు ఊరి వడ్డెరపని వృద్ధుడొకడు వచ్చి, లోపలి గోడ చూడకయే పెరటిలోనికి పోయి, జాలారి బండ యొక కొన ఎత్తి చూపెను. ఇంటిల్లిపాది స్నానము చేసిన నీరు బండ సందులోనుండి నేరుగా ఆ మూలకే దిగుచుండెను. జాలారిని అవతలికి మార్చిరి. మరుసటి యేడు ఆ మూల దానంతట అదే ఆరినది. ఆ రైతు మూడుమారులు పెట్టిన వ్యయములో పదియవ వంతుతో పని తీరినది. చెమ్మయున్న గోడను లోపలినుండి చూచువాడు దాని లక్షణమును మాత్రమే చూచుచున్నాడు, కారణము బయటనుండును.

కాలువ పారు గ్రామములవారికి ఇంకొక మాట. నాగార్జునసాగరమునకు 1955వ సంవత్సరము డిసెంబరు 10వ తేదీన శంకుస్థాపన జరిగినది. 1967వ సంవత్సరమున కాలువలకు నీరు విడిచిరి. ఎడమ కాలువ క్రింద మిర్యాలగూడ, హుజూరునగరు ప్రాంతముల మెట్టలు మాగాణులైనవి. అది మన భాగ్యము. కాని కాలువనీరు పారిన చోట భూగర్భజలము పైకి వచ్చుట ప్రకృతి ధర్మము. తాతల నాడు పొడిగానుండిన పాతర యని నమ్మి, నేడు వరిమడి ప్రక్కన గది దింపుట తగదు. నీటిమట్టమే గది నేలకంటె పైకి వచ్చు చోట ఏ పూతయు నిలువదు. అట్టి గదిని విడిచిపెట్టుటయే వివేకము.

ఇక రెండవది గాలి. ఈ విషయమున అజాగ్రత్త వలన పోవునది ధనము కాదు, ప్రాణము. మూసియుంచిన పాతరలో ధాన్యము శ్వాసించుచునే యుండును. అది గాలిలోని ప్రాణవాయువును పీల్చి బొగ్గుపులుసు గాలిని విడుచును. ఆ గాలి మామూలు గాలికంటె బరువైనది గనుక అడుగున నిలిచిపోవును. దానికి రంగు లేదు, వాసన లేదు. మూత తీసిన వెంటనే దిగినవాడు అడుగు చేరి కూలబడును. వానిని తీయబోయినవాడును కూలబడును. మన పెద్దలు మూత తీసి చాల సేపు ఉంచి, దీపమును త్రాటితో దింపి, అది ఆరనిచో దిగెడివారు. దీపము ఆరినచో తప్పక అపాయమున్నది. కాని దీపము వెలుగుచున్నంత మాత్రమున అపాయము లేదని నిశ్చయింపరాదు. మనుష్యుని సొమ్మసిల్లజేయు గాలిలోను దీపము కొంత సేపు వెలుగవచ్చును. కావున ఎప్పుడును గాలి బాగుగా ఆడనిచ్చి, నడుమునకు త్రాడు కట్టుకొని, పైని ఇద్దరిని నిలిపి దిగవలెను. ఒకడు పడిపోయినచో వెంటనే మరియొకడు దుముకరాదు. త్రాటితోనే పైకి లాగవలెను.

ధాన్యము లేని గదిలోను గాలి ఆడుట అవసరమే. క్రింది గదిలో బొగ్గుల కుంపటి ఉంచి తలుపు మూసుకొని నిద్రించుట మృత్యువును పిలుచుట. విద్యుత్తు పోయినప్పుడు పెట్రోలుతో నడుచు యంత్రమును క్రింది గదిలో ఉంచుటయు అట్టిదే. ఇంకొక సూక్ష్మ విషయము కలదు. మన రాతినేలలో యురేనియము అను ధాతువు అక్కడక్కడ ఉన్నది. నల్లగొండ జిల్లాలోని లంబాపురము, పెద్దగట్టు ప్రాంతమున దాని నిక్షేపములు కనుగొనబడినవి. ఆ ధాతువునుండి క్రమముగా పుట్టు రేడాన్ అను వాయువు నేల సందులనుండి వెడలి, గాలి ఆడని క్రింది గదులలో చేరును. ఊపిరితిత్తుల పుట్టకురుపునకు పొగాకు తరువాత అది ముఖ్యమైన కారణమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. భయపడవలసిన పని లేదు. ఎదురెదురుగా రెండు గవాక్షములు పెట్టి, నేల బీటలను మూసి, గాలిని ఆడనిచ్చినచో ఆ వాయువు నిలువ యుండదు.

అయితే గవాక్షమును తెరచుటకును వేళ కలదు. వానకాలపు మధ్యాహ్నమున వెలుపలి గాలి వేడిగాను, తేమగాను ఉండును. అది చల్లని గోడను తాకినంతనే చెమట పట్టును. కావున ఆ దినములలో తెల్లవారుజామునను, రాత్రియందును తెరచి, పగలు మూయుట మేలు. చలికాలమున పగలంతయు తెరచియుంచవచ్చును. నిద్రించుటకు ఉపయోగించు గదికి మెట్లదారి గాక, మనుష్యుడు దూరి బయటపడగల కిటికీ యొకటి యుండి తీరవలెను. మెట్ల వైపున నిప్పంటుకొన్నచో లోపలివాని గతి యేమి?

ఈ సందర్భమున దూరదేశపు మాట యొకటి చెప్పెదను. మన జిల్లాలనుండి పెక్కుమంది బిడ్డలు అమెరికాలో స్థిరపడియున్నారు. మీలో కొందరు వారి ఇండ్లకు పోయివచ్చియుందురు. అచ్చటి చలిదేశములలో శీతకాలమున నేల పైభాగము గడ్డకట్టి ఉబ్బును. ఆ ఉబ్బునకు అందకుండ పునాదులను లోతునకు దింపుదురు. అంత లోతు త్రవ్వినప్పుడు ఆ చోటును విడువనేల యని అచ్చట గది యేర్పరతురు. ఆ గది గోడకు నేరుగా పూత పూయరు. గోడకు లోపలివైపున కొయ్యచట్రము నిలిపి, చలిని ఆపు పొరనుంచి, దాని మీద జిప్సము పలకలు కొట్టుదురు. పడకగదికి మనుష్యుడు బయటపడదగిన కిటికీ యుండవలెనని అచ్చటి గృహనిర్మాణ నియమములు విధించుచున్నవి. రెండువేల యేండ్ల క్రిందట రోమక దేశపు శిల్పి విట్రూవియస్ కూడ, ఎడతెగక చెమ్మ ఊరు గోడకు కొంచెము ఎడముగా మరియొక పలుచని గోడ కట్టి, నడుమ నీరు పోవు కాలువయు గాలి పోవు రంధ్రములును ఉంచవలెనని వ్రాసియున్నాడు. కాలము వేరు, దేశము వేరు. తేమకు దారి చూపవలెను గాని దానిని బంధింపరాదన్న బుద్ధి మాత్రము ఒక్కటే.

మూడవది కప్పు. నేలమాళిగ కప్పు పై గదికి నేల. అది తెలిసియు మరచిపోవుదుము. క్రింది గదిలో కప్పునకు అలంకారము చేయుచుందుము. పై గదిలో వడ్లబస్తాలు పేర్చుచుందుము. మొదట దూలములను, దంతెలను పరిశీలింపవలెను. దూలము నడుమ గట్టిగానున్నను, గోడలో దూరియున్న కొనలు చెమ్మకు క్రుళ్లును, చెదలు పట్టును. సన్నని ఉలితో ఆ కొనలను పొడిచి చూడవలెను. ఉలి సులభముగా దిగినచో ఆ దూలము కాలము తీరినది. ఇనుప గర్డర్ల మీద షాబాదు బండలు పరచిన కప్పులలో, గర్డరు త్రుప్పు పట్టి పొరలు లేచినదేమో చూడవలెను. బండను కఱ్ఱతో తట్టినప్పుడు ఒకచోట డొల్లమోత వచ్చినచో అచ్చట బీట యుండవచ్చును.

మన మిద్దెల సంగతి ఈ సందర్భముననే చెప్పవలెను. మిద్దె మీద చౌడుమన్ను పరచుట మనకు తెలిసినదే. చౌడులోని ఉప్పు వలన బంకమట్టి రేణువులు నీటిలో విడివడి, సందులన్నియు పూడ్చివేయును; అందుచేత నీరు క్రిందికి దిగదు. ఇది పూర్వుల అనుభవమున పండిన తెలివి. కాని ఆ చౌడే గోడ మొదట చేరినచో శత్రువు. నీటితోబాటు గోడలోనికెక్కి, నీరు ఆవిరియైన చోట తెల్లని పొడియై పెరిగి, ఇటుకను, పూతను లోపలినుండి పిండిచేయును. మీద రక్షకుడు, క్రింద భక్షకుడు. కావున మిద్దెనుండి కొట్టుకొనివచ్చు చౌడునీరు గోడ వెంట కారకుండ చూచుకొనవలెను.

చౌడు బరువు కూడ లెక్కింపదగినది. పన్నెండడుగుల పొడవు, పదడుగుల వెడల్పు గల మిద్దె మీద జానెడు మందము, అనగా తొమ్మిదంగుళముల మన్ను వేసినచో తొంబది ఘనపుటడుగులగును. ఘనపుటడుగు పొడిమన్ను సుమారు 45 కిలోలు తూగును. మొత్తము నాలుగువేల కిలోలకు మించును. అనగా 75 కిలోల వడ్లబస్తాలు ఏబదినాలుగు మిద్దె మీద ఎల్లప్పుడు మోయించుచున్నామన్నమాట. వానకు తడిసినచో ఆ బరువు మరింత పెరుగును. ఏటేట కురిసినచోటనెల్ల మరి నాలుగు గంపలు పోయుచు, పాతదానిని దింపకుండుట వలన ఇరువదియేండ్లలో మందము రెట్టింపగును. దూలము మాత్రము అదే దూలము, పైగా ముసలిది. 2020వ సంవత్సరము అక్టోబరు 13, 14 తేదీలలో హైదరాబాదు నగరమందును చుట్టుపట్ల జిల్లాలందును కురిసిన మహావర్షమునకు గోడలు కూలి జనులు మరణించిరి. 2009వ సంవత్సరము అక్టోబరు మాసారంభమున తుంగభద్ర పొంగినప్పుడు అలంపురము, రాజోలి గ్రామములు నీటమునిగినవి. తడిసిన మట్టిగోడకు బలమెంతయో అప్పుడు లోకమునకు తెలిసినది. కావున కొత్త మన్ను వేయుటకు ముందు పాత మన్ను దింపుడు. దింపునప్పుడు క్రింద గుంజలు నిలుపుడు, గదిలో మనుష్యులనుంచకుడు.

పట్టణములను చూచి గ్రామములలోను ఇప్పుడు కప్పు క్రింద జిప్సముతో అందమైన రెండవ కప్పు వ్రేలాడదీయుచున్నారు. పొడిగానున్న గదిలో అది ముచ్చటయే. చెమ్మగల క్రింది గదిలో జిప్సము మెత్తబడి క్రుంగును. అంతకంటె గొప్ప కీడు మరియొకటి కలదు. దాని వెనుక దూలమునకు చెదలు పట్టినను, బండ చీలినను మనకు కనబడదు. కప్పు ముందుగా ఇచ్చు హెచ్చరికను మనమే తెరవేసి మూసినవారమగుదుము.

ఈ మూడును చక్కబడెనని యనుకొందము. ఇప్పుడు పూత. పాత రాతిగోడకు, మట్టిగోడకు, సున్నముతో కట్టిన ఇటుకగోడకు సున్నపు పూతయే తగినది. సిమెంటును నేను నిందింపను. 1824వ సంవత్సరమున ఇంగ్లండులో జోసెఫ్ ఆస్ప్‌డిన్ అను తాపీపనివాడు పోర్ట్‌లండు సిమెంటునకు హక్కుపత్రము పొందెను. నేడు దేశమంతయు దానిమీద నిలిచియున్నది. హుజూరునగరు, మట్టంపల్లి ప్రాంతపు సున్నపురాతితో మన గడ్డ మీదనే సిమెంటు తయారగుచున్నది. నిజమునకు సున్నమును, సిమెంటును ఒక్క రాతి బిడ్డలు. సున్నపురాతిని సుమారు 900 డిగ్రీల వేడిమిలో కాల్చినచో సున్నమగును. బంకమట్టితో కలిపి సుమారు 1,450 డిగ్రీల వేడిమిలో కాల్చినచో సిమెంటు రాయియగును. అన్నదమ్ములైనను గుణములు వేరు. సిమెంటు గట్టిది, వంగనిది, తేమను తేలికగా పోనీయనిది. సున్నము మెత్తనిది, గోడతోబాటు కొంచెము కదలునది, తేమను ఆవిరిగా వెలుపలికి విడుచునది. మట్టిగోడకు సిమెంటు పూసినచో లోపలి తేమకు దారి లేక అది ఇంకను పైకెక్కును. కొంతకాలమునకు పూత పలకలుగా విడిపోవును, దాని వెనుక గోడ బురదయై యుండును. సిమెంటు కాంక్రీటుతో కట్టిన కొత్త గోడలకు సిమెంటు పూత పూయుడు. తాతలనాటి గోడకు తాతలనాటి సున్నము పూయుడు. 1591వ సంవత్సరమున సున్నముతో కట్టిన చార్మినారు నేటికిని నిలిచియున్నది గదా!

పూయు విధానమును సంగ్రహముగా చెప్పెదను. పాత పూతను చెమ్మ గుర్తుకు రెండడుగుల పైవరకు గీకివేయవలెను. తెల్లగా ఉబికిన చౌడును పొడి చీపురుతోనే ఊడ్చి దూరముగా పారవేయవలెను. నీటితో కడిగినచో అది కరగి మరల గోడలోనికే పోవును. గోడ కొన్ని మాసములు ఆరవలెను. సున్నమును నీటిలో విరియించి చాల దినములు నాననిచ్చి, కడిగిన ఇసుకతో చేర్చి గానుగలో నూరవలెను; దీనినే మనము డంగుసున్నమందుము. ఒక పాలు సున్నమునకు రెండున్నర మూడు పాళ్ల ఇసుక సరిపోవును. చెమ్మ తగులు చోట్ల బాగుగా కాలిన ఇటుకపొడి, అనగా సుర్కీ, ఒక పాలు చేర్చి ఇసుకను రెండు పాళ్లకు తగ్గించినచో పూత తడిలోను గట్టిపడును. కరక్కాయ నానిన నీరు, బెల్లపునీరు కలుపుట మన మేస్త్రీల ఆచారము. ఆరవ శతాబ్దమున వరాహమిహిరుడు బృహత్సంహితలో వజ్రలేపమను పూతను చెప్పుచు, పచ్చి తుమికికాయలను, పచ్చి వెలగకాయలను కాచి తీసిన కషాయమును విధించెను. చెట్టుచేమల రసములతో పూతకు బలము చేకూర్చుట మన దేశమున ఎంత పాతదో దీనివలన తెలియుచున్నది.

ఒక్కమారుగా మందముగా పూయరాదు. అరంగుళము మందమున ఒక పొర పూసి, అది గట్టిపడిన పిమ్మట రెండవది పూయవలెను. సున్నము ఎండి గట్టిపడుట లేదు. గాలిలోని బొగ్గుపులుసు గాలిని పీల్చి మరల రాయిగా మారుచున్నది. కావున దానికి కాలము కావలెను, గాలి కావలెను, మొదటి దినములలో కొంచెము తడియు కావలెను. రోహిణి ఎండలో పూసినచో పగులును. మట్టిపూత పూయువారు ఎర్రమన్నులో గడ్డిముక్కలు, ఊక, పేడ చేర్చి కొన్ని దినములు మాగవేయవలెను. రేగడి ఒంటరిగా పనికిరాదు. తడిసి ఉబ్బి, ఎండి నెఱ్ఱెలు విచ్చును. సున్నము విరియించునప్పుడు పిల్లలను దగ్గరకు రానీయరాదు. అది కంటిలో పడినచో చూపు పోవచ్చును. పడినయెడల వెంటనే ధారగా మంచినీటితో చాలసేపు కడిగి వైద్యునియొద్దకు తీసికొనిపోవలెను. చెమ్మగల గోడలలో విద్యుత్తీగలను పాతిపెట్టక, గొట్టములలో పైపైని నడిపి, మట్టితీగ తప్పక కట్టించవలెను.

కాలక్రమము కూడ జ్ఞాపకముంచుకొనదగినది. వానకాలమున గోడను కనిపెట్టుడు. వాన వెలిసిన పిమ్మట నీటి దారులు మార్చుడు. కార్తీకము మొదలు మాఘము వరకు పూయుడు. వేసవిలో పాత మన్ను దింపి, మృగశిరకు పూర్వమే మిద్దె మన్ను సవరించుడు. ఏడాది ఓపికపట్టినవానికి ఇరువదియేండ్లు పని తప్పును.

గ్రామపెద్దలైన మీతో ఒక విన్నపము. గానుగ సున్నము నూరుట, మిద్దె మన్ను కలుపుట, పాతర తీయుట ఎఱిగిన వృద్ధులు నేడు ప్రతి గ్రామమున ఇద్దరో ముగ్గురో మిగిలియున్నారు. ఒక పాత గోడను బాగుచేయునప్పుడు వారిని ప్రక్కన కూర్చుండబెట్టి, ఇద్దరు పడుచు మేస్త్రీలచేత ఆ పని చేయింపుడు. మీ యూరిలో ఎవడైనను క్రింది గదికి పూత పూయింపబోవుచున్నాడని విన్నప్పుడు, రంగు ఏది యని అడుగుటకు ముందు, "నీ జాలారి నీరు ఎటు పోవుచున్నది? నీ గదిలో గాలి ఎటునుండి వచ్చుచున్నది? నీ మిద్దె మీద మన్ను ఎన్ని జానెలున్నది?" అని ఈ మూడు ప్రశ్నలు వేయుడు. వానికి సమాధానములు చక్కగానున్ననాడు మేస్త్రీని పిలువవచ్చును.